నవమి నాటి అప్‌డేట్

కంప్యూటరుకు బొట్టు పెట్టేవాళ్లను చూసి నవ్వేవాళ్లతో నాకు పడదు. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. ఆయుధపూజ రోజు కీబోర్డు మీద కుంకుమ పడిందని వారం పాటు మూతి ముడుచుకుని తిరిగాడు. అదే మనిషి కొత్త కారు కొన్నప్పుడు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. కారుకో న్యాయం, కంప్యూటరుకో న్యాయమా? నేను మగ్గాల ఇంట్లో పుట్టాను. మహర్నవమి రోజు మా ఇంట్లో మగ్గానికి, అడ్డపోగు నడిపే నాడెకు, పోగు చుట్టుకునే ఆసుకు, ఆఖరికి కత్తెరకు కూడా పసుపు రాసి బొట్టు పెడతారు. పెట్టాక ఆ రోజుకి వాటిని ఎవరూ ముట్టుకోరు. ఏడాది పొడుగునా మన కోసం పని చేశాయి కాబట్టి ఆ ఒక్కరోజు వాటికి సెలవు. ఇది ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే నేను చెప్పబోయే గొడవంతా ఆ సెలవు గురించే.

బెజవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు దాటి బందరు వైపు పోయే దారిలో ఉంది మా ఊరు. మేం ముగ్గురం పిల్లలం. పెద్దన్నయ్య మగ్గం నేస్తాడు. చిన్నన్నయ్య చీరలు బెజవాడ తీసుకెళ్లి షావుకార్లకు చూపించి ఆర్డర్లు తెస్తాడు. నేను చదువుకుని, పెళ్లి చేసుకుని, బెజవాడలో ఉద్యోగం చేసుకుంటున్నాను. చీర అంచు మాత్రం మా ముగ్గురిలో ఎవరి చేతిదీ కాదు. అది పెద్దన్నయ్య భార్య, మా వదిన గీసేది.

అంచు ముందు గళ్ల కాగితం మీద పుడుతుంది. ఒక్కో గడి ఒక్కో పోగు. ఏ గడిలో రంగు నింపితే ఆ పోగు పైకి లేస్తుంది. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టి, వాటిని మగ్గం మీద పోగులెత్తే జకార్డు పెట్టెకు తగిలిస్తారు. కాగితం మీద ఒక్క గడి తప్పితే ఆ తప్పు చీర పొడుగునా నడుస్తుంది. వదిన కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఈ పని మా నాన్నది. ఆమె పక్కన కూర్చుని చూసేది. ఏడాది తిరక్కుండానే నాన్న పెన్ను ఆమెకిచ్చి, తన కళ్లజోడు పెట్టెలో పెట్టేసుకున్నాడు. మా ఊళ్లో చాలామంది చీరల మీద వదిన గీసిన మామిడి పిందెలున్నాయి. ఆమె మాత్రం ఎవరి చీరా చూపించి ఇది నాదని అనగా నేను వినలేదు.

మూడేళ్ల కిందట ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. కాఫీ కప్పు అందిస్తుంటే సాసరు టకటకలాడేది. బెజవాడలో పెద్ద డాక్టరుకు చూపించాం. ప్రాణభయం ఏమీ లేదు, కానీ ఇది పూర్తిగా పోదు, దీనితోనే సర్దుకుపోవాలి అన్నారాయన. అన్నానికీ నీళ్లకీ సర్దుకోవచ్చు. గళ్ల కాగితంతో ఎలా సర్దుకుంటారు? రంగు గడి దాటి పక్క గడిలోకి ఒలికేది. అదే అంచు మళ్లీ మళ్లీ గీసేది.

చిన్నన్నయ్య చెడ్డవాడేమీ కాదు, వదినంటే ప్రేమే. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు, "ఇంకెందుకొదినా నీకీ అవస్థ? బెజవాడలో డిజైన్లు గీసే సెంటరు ఉంది. దసరా ఎల్లాక పెళ్లిళ్ల సీజన్ అంచులన్నీ వాళ్లకిచ్చేద్దాం. నువ్వు హాయిగా కూర్చో."

వదిన ఆ సాయంత్రం పెన్నులన్నీ కడిగి, తుడిచి, పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసిందట. నాకు ఫోన్ చేసి మాత్రం ఒక మాటంది. "హాయిగా కూర్చోమన్నారే. కూర్చుని ఏం చెయ్యాలో కూడా చెప్తే బాగుండేది."

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

నాకు ఒక పిచ్చి ఉంది. మా ఆయన దాన్ని జీతం లేని ఉద్యోగం అంటాడు. లినక్స్ అని కంప్యూటరును నడిపే ఉచిత సిస్టమ్ ఒకటి ఉంది. దాన్ని ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేస్తారు. కార్తీక వనభోజనాలకు ఎవరి వంట వాళ్లు తెచ్చి ఒకచోట పెట్టినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. అందులో నేను తెచ్చే గిన్నె తెలుగు. తెర మీద కనిపించే మాటలను తెలుగులో పెడతాను. ఆ సంవత్సరం మా గుంపులో ఒకటే చర్చ, కొత్తవాళ్లకు దీన్ని సులువు చెయ్యడం ఎలా అని. తీరా చూస్తే కొత్తవాళ్లంటే మా అందరి మనసులో ఉన్నది, వేరే సిస్టమ్ వాడి విసిగిపోయి ఇటు వచ్చిన కుర్రకారు. అసలు మౌస్ పట్టుకోని మనిషి మా ఊహలోనే లేదు.

మా ఆఫీసులో పాత కంప్యూటర్లు కొన్ని కొత్త సిస్టమ్‌ను మొయ్యలేవని పక్కన పడేశారు. ఒకటి అడిగి తెచ్చుకుని, లినక్స్ ఎక్కించి, కారులో వేసుకుని ఆదివారం మా ఊరు వెళ్లాను. మగ్గాల గది పక్కన కిటికీ దగ్గర పెట్టాను. వదిన చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. తెర మీద మాటలు చదువుతూ మొహం చిట్లించింది.

"ఇదేం తెలుగే? పంతులుగారు సంకల్పం చెప్తున్నట్టుంది."

"ఎక్కడ?"

"ఇదిగో, అభీష్టములు అంట. ఇక్కడ నిష్క్రమించు అంట. ఎవరు నిష్క్రమించాలి? నేనా, అదా?"

అవతల మగ్గం మీద పెద్దన్నయ్య నవ్వు వినిపించింది. నాకు కోపం వచ్చింది గానీ ఏమనగలను? అందులో సగం నా గిన్నెలోవే. కాగితం తీసుకుని ఆమెకు అర్థం కాని మాటలన్నీ రాసుకున్నాను.

గళ్ల కాగితానికి బదులు, ఆఫీసుల్లో పట్టికలు వేసుకునే ప్రోగ్రాం తెరిచి గళ్లన్నీ చిన్న చతురస్రాలుగా చేశాను. ఒక అంకె నొక్కితే గడి ఎర్రబడుతుంది, ఇంకో అంకె నొక్కితే పచ్చబడుతుంది. మౌస్ అక్కర్లేదు, బాణం గుర్తు మీటలతో ఒక్కో గడీ జరగొచ్చు. ఇంత తెలివైన ఉపాయం నాకు తట్టినందుకు లోలోపల మురిసిపోయాను. వదిన వేలు బాణం మీట మీద పెట్టింది. వేలు వణికింది. ఒక గడి జరగాల్సింది మూడు గళ్లు జరిగింది. మళ్లీ నొక్కింది, రెండు జరిగింది. వెనక్కి రాబోతే వెనక కూడా అంతే. ఆమె చెయ్యి తీసి ఒళ్లో కొంగు కింద దాచుకుంది.

"పోన్లేవే. నీకు మాత్రం ఎందుకు శ్రమ?" అంది.

ఆమె ఏడ్చినా భరించేదాన్నేమో. అలా మర్యాదగా వదిలేస్తే భరించడం నాకు చేతకాలేదు. అన్నం కూడా తినకుండా ఆ సిస్టమ్ సెట్టింగులన్నీ తవ్వాను. ఒక పేజీలో నుంచి ఇంకో పేజీలోకి, దాని అడుగున ఇంకో దాంట్లోకి వెళ్తే, అక్కడ ఒక మూల "గెంతు మీటలు" అని కనిపించింది. ఎవరు పెట్టారో ఆ పేరు, పెట్టినవాళ్లకు కప్పలంటే ఇష్టం అయ్యుండాలి. అది ఆన్ చేస్తే, ఒకే మీట వెంటవెంటనే రెండుసార్లు పడ్డా మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అంటే చెయ్యి వణికేవాళ్ల కోసం ఎవరో ఎప్పుడో ఆలోచించారు. ఆలోచించి, చెయ్యి వణికేవాళ్లు ఈ జన్మలో కనుక్కోలేని చోట దాచిపెట్టారు.

ఆన్ చేసి వదినను పిలిచాను. నొక్కింది. ఒక్క గడి జరిగింది. మళ్లీ నొక్కింది. ఒక్కటే.

"ఆగింది," అంది. తన వేలి వంక చూసుకుంది. "నా వేలు ఆగలా. అది ఆగింది."

తర్వాత రెండు మూడు నెలలు వదిన రోజూ దాని ముందు కూర్చుంది. ముందు పాత పిందెల అంచు గీసి చూసుకుంది, తర్వాత నెమళ్ల అంచు. చిన్నన్నయ్య వచ్చి పోతూ తెర వంక చూసేవాడు. చివరికి అన్నాడు, "సరే, పండగ అయిన మూడో రోజు షావుకారుకు కొత్త అంచు ఒకటి చూపించాలి. అది గీసివ్వు. ఆయన మెచ్చితే చూద్దాం. లేదంటే బెజవాడ సెంటరే."

వదిన వరికంకి అంచు మొదలుపెట్టింది. నిండుగా గింజ పట్టి ఒక పక్కకు వాలిన కంకి, దాని పక్కన వాలని ఆకు. గీస్తూ ఫోన్లో నాకు వర్ణించి చెప్పేది. ఆమె గొంతులో ఆ హుషారు విని చాలా కాలమైంది.

దశమి పొద్దున వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయీ, ఇది నల్లగా అయిపోయి ఇంగ్లీషు ముక్కలు పడుతున్నయ్యే."

"ఏం చేశావు?"

"ఏం చెయ్యలా. నిన్న బొట్టు పెట్టా, అంతే."

"బొట్టు పెట్టేముందు ఆపావా?"

"ఆపా. ఆగలా. ఏదో చేస్తున్నా, ఆపొద్దు అని వచ్చింది. పక్కన పూజకు టైమవుతంది. మెయిన్ ఆపేశా."

నాకు విషయం అర్థమైంది. ఈ సిస్టమ్ కొత్త మార్పులు వస్తే కంప్యూటరు ఆపేటప్పుడు తనంతట తనే వాటిని ఎక్కించుకుంటుంది. ఆ మధ్యలో కరెంటు తీసేస్తే సగం పాతది, సగం కొత్తది అయి కూర్చుంటుంది. "ఆపొద్దు అని రాసుంటే ఎలా ఆపుతావు వదినా, చదవడం రాదా?" అని అరిచేశాను. మా వంటింట్లో గిన్నెలు కూడా ఉలిక్కిపడే ఉంటాయి. అటునుంచి చిన్నన్నయ్య గొంతు వినిపించింది. "చెప్పానా? ఫ్రీగా వచ్చేయి ఇట్టానే ఉంటయ్. రేపు సెంటరుకు ఫోన్ చేస్తా." వరికంకి అంచు ఆ నల్లతెర వెనకే ఉంది, ఇంకెక్కడా లేదు.

మా ఆయన కారు వేసుకుని వేరే ఊరెళ్లి ఉన్నాడు. బస్టాండుకు పరిగెత్తాను. ఎర్రబట్టల భవానీలు బస్సుల్లోంచి బిలబిలా దిగి దుర్గగుడి వైపు వెళ్తున్నారు. బెజవాడలోకి వచ్చే జనానికి ఎదురీదుకుంటూ బెజవాడ నుంచి బయటపడే మనిషిని నేనొక్కదాన్నే అనిపించింది. కంకిపాడు దాటినా నిలబడే ఉన్నాను. ఉయ్యూరు దగ్గర సీటు దొరికింది. కూర్చున్నాక పొద్దున అరిచిన అరుపు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటికి వెళ్లేసరికి పెద్దన్నయ్య దశమి నాడు శాస్త్రానికి పని మొదలెట్టాలి కాబట్టి మగ్గం మీద నాలుగు పోగులు వేసి లేస్తున్నాడు. కంప్యూటరు తెర నడిమధ్య పసుపు, దాని మీద కుంకుమ, పైన ఒక చేమంతి పువ్వు. వదిన గుమ్మంలో నిలబడింది. తుడవనా అని అడిగితే, "తుడువ్, ఇయ్యాళ పర్లేదు," అంది. పెన్ డ్రైవ్ పెట్టి కంప్యూటరును దాంతో లేపాను. ముందు ఆమె ఫైళ్లు ఉన్నాయో లేదో వెతికాను. వరికంకి తెర మీద విచ్చుకుంది. వాలిన కంకి, వాలని ఆకు, ఒక్క గడీ పోలేదు. వదిన గుమ్మానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.

సగం చచ్చిన సిస్టమ్‌ను బాగుచేస్తూ, ఇంక కోపం లేకుండానే చెప్పాను. "అది అప్పుడు పనిలో ఉంది వదినా. కాసేపు ఆగాల్సింది."

"నేను పసుపు గిన్నె పట్టుకుని నిలబడ్డానే. మగ్గం ఆగింది. ఆసు ఆగింది. మీ అన్నయ్య కత్తెర కూడా పక్కన పెట్టాడు. ఇదొక్కటే ఆగనంటది. పండగ పూట దాన్ని ఎవరు పని చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నీకు శ్రమ లేకుండా అదే చేసుకుపోద్ది."

"పిలవని పేరంటానికొచ్చినట్టు ఇదేందమ్మా? నా శ్రమ సంగతి దానికెందుకు? అడిగితే చెప్తాగా, ఇయ్యాళ కాదు, రేపు చేసుకోమని."

నేను ఇంకేదో చెప్పబోయాను. ఆమె ఆపింది. గొంతు పెంచలేదు.

"మీరు కూడా అంతేగా. చెయ్యి వణికింది. పెన్ను వద్దన్నారు. హాయిగా కూర్చోమన్నారు. నా మంచికే, నాకు తెలుసు. ఒక్కళ్లన్నా అడిగారా, వదినా, నువ్వేం చేద్దామనుకుంటున్నావని?"

చిన్నన్నయ్య అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. మోగని ఫోను చెవి దగ్గర పెట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. పెద్దన్నయ్య తల దించుకుని నాడెలో దారం సరిచేస్తూ కూర్చున్నాడు. కంప్యూటరు తెచ్చి ఆమె ముందు పెట్టిన నేను కూడా, తేనా వద్దా అని అడగలేదు.

వరికంకి అంచు షావుకారుకు నచ్చింది. పెద్దన్నయ్యే నేశాడు. కానీ ఆ నల్లతెర చిన్నన్నయ్య మనసులో భయం పెట్టింది. చిన్న చిన్న అంచులు వదినకిచ్చి, పెద్ద ఆర్డర్లు బెజవాడ సెంటరుకే పంపేవాడు. ఏ అంచు ఇస్తే ఆ అంచు వదిన గీసేది.

నేను మాత్రం బెజవాడ వచ్చి మా గుంపుకు పెద్ద ఉత్తరం రాశాను. ఇక్కడ పనిముట్లకు సెలవు రోజు ఒకటుంటుంది, ఆ రోజు మీ సిస్టమ్ సెలవు తీసుకోవడం లేదు, ఇప్పుడు చేయనా, ఆగనా అని మనిషిని అడగడం కూడా లేదు అని. వాళ్ల సమాధానాలు తీసిపారేసేవి కావు. అడిగితే అందరూ "తర్వాత" అనే నొక్కుతారు, మార్పులు ఎక్కకపోతే కంప్యూటర్లలో దొంగలు పడతారు అన్నారు. ఒకాయన పనిముట్లకు సెలవు నిజంగా ఉంటుందా, నేను కల్పించానా అని అడిగాడు. నేను కాస్త ఘాటుగానే జవాబిచ్చాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మీరు మాత్రం అడగకుండా వడ్డించి, తినలేదేమని మనిషిని తిడతారు అని రాశాను. ఇంగ్లీషులో అది ఎలా తగిలిందో తెలియదు. తర్వాత ఎక్కడో చలిదేశం నుంచి ఒకావిడ రాసింది. వాళ్ల ఆచారం ప్రకారం ఇంట్లో వారానికి ఒకరోజు ఏ స్విచ్చీ ముట్టుకోరట. ఆ రోజు తన కంప్యూటరు తనంతట తాను లేచి మోగితే వాళ్ల అమ్మ చిన్నబుచ్చుకుంటుందట. అక్కడి నుంచి చర్చ దారి మారింది.

చాలా నెలలు పట్టింది. కష్టమైన పని ఇంజనీర్లు చేశారు. ఇప్పుడు మధ్యలో కరెంటు పోయినా సిస్టమ్ పాత రూపానికి తిరిగి వచ్చేస్తుంది. ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ పక్కనే పెట్టుకుని కూడా కరెంటు పోయే మాలాంటివాళ్లకు ఇదొక్కటే చాలు. గెంతు మీటల సంగతి మొట్టమొదటి తెర మీదకే వచ్చింది, "మీ వేలు ఒకే మీటను పొరపాటున రెండుసార్లు నొక్కుతోందా?" అన్న ప్రశ్నగా. ఆపేటప్పుడు వచ్చే మాటలు నేను రాశాను. రాసి, ఫోన్లో వదినకు చదివి వినిపించాను. ఆమె రెండు మాటలు తీసేయించింది. నీ అభిప్రాయం ఏంటని అడిగినప్పుడల్లా, "నన్నడుగుతున్నావా?" అని నవ్వేది.

ఆ మరుసటి దసరాకు నేను నవమి నాటికే మా ఊళ్లో ఉన్నాను. పొద్దున పూజకు ముందు వదిన కంప్యూటరు ఆపబోయింది. తెర మీద నేను రాసిన మాటలు వచ్చాయి. ఆమె కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది. "కొన్ని మార్పులు చేయాల్సి ఉంది. ఇప్పుడు చేయమంటారా, రేపు చేయమంటారా?" రేపు అన్నదాని మీద నొక్కింది. అది మారుమాట్లాడకుండా ఆగిపోయింది. వదిన మెయిన్ ఆపి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చేమంతి పువ్వు పెట్టింది. మౌస్‌కు కూడా చిన్న బొట్టు పెట్టింది, అసలు వాడనే వాడదు దాన్ని.

అప్పుడు చిన్నన్నయ్య వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చేతిలో ఏదో చీర ముక్క ఉంది, దాన్ని అటూ ఇటూ మడుస్తున్నాడు.

"వదినా, పెద్ద ఆర్డరొచ్చింది. అంచుతో సరిపోదు, పైటంతా డిజైను కావాలంట. చాలా పని. నువ్వు గీస్తావా, సెంటరుకిమ్మంటావా?"

వదిన పసుపు చేతులతోనే అతని వైపు తిరిగింది.

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"అడుగుతున్నానొదినా."

మగ్గం దగ్గర పువ్వులు పెడుతున్న పెద్దన్నయ్య చెయ్యి ఆగింది. వదిన పెదవుల మీద నవ్వు వచ్చి, కనపడకుండా పోయింది.

"ఇయ్యాళ పని మాట ఎత్తకూడదు," అంది. "రేపడుగు, చెప్తా."

మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా వచ్చి, చిన్నన్నయ్య మళ్లీ అడిగాడు.